ట్యాంకు కింద తేనెపట్టు ఎలా తీశారంటే



ఈ నెల గోడ పత్రికలో సైన్సు వ్యాసం రాయడం నా వంతు వచ్చింది. "పుస్తకంలోంచి దించకు, మనకి దగ్గరగా ఉన్నది ఏదైనా రాయి" అన్నారు సైన్సు మేడం. మన వాటర్ ట్యాంకు కింద పట్టిన తేనెపట్టు కన్నా దగ్గరగా ఏముంది? దాన్ని ఎవరు తీశారు, ఎలా తీశారు, స్టోర్‌రూము చూరులో కందిరీగల గూడుని మాత్రం వేరే మనిషి వచ్చి ఎందుకు తీశాడు, అదంతా రాస్తాను. కానీ ముందు ఒక మాట రాయాలి. అది రాయకపోతే మిగతాది రాయడానికి చెయ్యి రావట్లేదు.

ఆ రోజు పట్టు కింద పొగ పెట్టింది ఆయమ్మ కాదు. నేను.

రోజూ చెత్త తగలబెట్టేది ఆయమ్మే కాబట్టి అందరూ ఆయమ్మే అనుకున్నారు. ఆయమ్మ తిట్లు కూడా తింది. నేను వాచిన చెయ్యి పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను గాని నోరు విప్పలేదు. మొన్న మేడం గారికి చెప్పేశాను. తర్వాత ఆయమ్మకి చెప్పాను. ఆయమ్మ "పోనీలే పిల్లా" అంది. మేడం గారు ఏమన్నారో ఇక్కడ రాయను.

ఎందుకు పెట్టానంటే, గొప్ప కోసం. మాది మారేడుమిల్లి దగ్గర కొండల్లో ఊరు. మేము కొండరెడ్లం. మా నాన్న, మా మావ ప్రతి ఏడూ తేనె తీస్తారు. "పొగ పెడితే ఈగలు పోతాయి, మా నాన్న అలాగే చేస్తాడు" అని ఆరో తరగతి చెల్లెళ్ల దగ్గర కోతలు కోశాను. నిజంగా పెట్టి చూపించమన్నారు. ఎండుటాకులు, కాగితాలు, రెండు ప్లాస్టిక్ కవర్లు కుప్ప చేసి అంటించాను. సాయంత్రం 4 గంటలు. అందరూ కుళాయిల దగ్గర బకెట్లు పట్టుకుని ఉన్నారు. తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. 11 మందిని కుట్టాయి. ఆరో తరగతి చెల్లికి 14 చోట్ల కుట్టాయి. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి, ఇంజక్షన్ చేయించి, రాత్రిదాకా ఉంచారు. ఆ చెల్లి ఇప్పుడు బాగానే ఉంది. నన్ను చూస్తే మాత్రం పక్కకి పోతుంది.

పొగ పెట్టడం తప్పు కాదు, మరి ఎందుకు అలా అయింది? ఆదివారం నాన్న వచ్చినప్పుడు ఈ సంగతే అడిగాను.

నాన్న చెప్పింది రాసే ముందు, అవి ఏ ఈగలో చెప్పాలి. మన కొండల్లో తేనె పెట్టే ఈగలు ఒక్క రకం కాదు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో చీకట్లో పెట్టేవి ఉన్నాయి. వాటి పట్లు ఒకదాని పక్కన ఒకటి పలకల్లాగా వేలాడతాయి. కొంచెం సాధువులు, పెట్టెల్లో పెట్టి పెంచేది వీటినే. పొదల్లో చిన్న కొమ్మకి అరచేతంత పట్టు పెట్టేవి ఇంకో రకం. అసలు కుట్టలేని బుల్లి ఈగలు కూడా ఉన్నాయి, గోడ సందుల్లో పెడతాయి. ఇక మన ట్యాంకు కింద పట్టినవి అన్నిటికన్నా పెద్దవి. మా వైపు పెద్ద తేనె అంటాం. ఇవి పెట్టెల్లో ఉండవు, తొర్రల్లో ఉండవు. ఎత్తుగా ఉన్న రాతి చరియకో, పెద్ద చెట్టు కొమ్మకో, ట్యాంకుకో, మేడ చూరుకో ఒకే ఒక్క పట్టు పెడతాయి. అది మీటరు వెడల్పు కూడా అవుతుంది. ఒక పెద్ద పట్టు మీద వేల వేల ఈగలు ఉంటాయి. గూటికి గోడలు లేవు కాబట్టి ఈగలే దాని మీద పొరలు పొరలుగా వాలి గోడలాగా ఉంటాయి. కాపలా కాసేవి కూడా అవే. అందుకే వీటికి కోపం ఎక్కువ.

మీలో చాలామంది చూసే ఉంటారు, పట్టు దగ్గరకి ఏదైనా ఎగురుకుంటూ వస్తే ఈగలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తోక ఎత్తుతాయి. నీళ్లలో రాయి వేసినట్టు పట్టంతా ఒక అల పోతుంది. మా నాన్న దాన్ని "పట్టు ఊపిరి తీసింది" అంటాడు. పెద్ద కందిరీగలు వచ్చి ఈగల్ని ఎత్తుకుపోకుండా వాటిని బెదరగొట్టడానికి అలా చేస్తాయని శాస్త్రవేత్తలు చూసి చెప్పారట. ఈ మాట సైన్సు మేడం చెప్తే నాన్నకి చెప్పాను. "మరి మాకు తెలీదా" అన్నాడు.

ఇవి ఎప్పుడూ ఒక చోట ఉండవు. బూరుగ, మోదుగ, ఇప్ప పూసే రోజులకి వస్తాయి. పూత అయిపోయి వానలు పట్టేసరికి పట్టు వదిలేసి వెళ్లిపోతాయి. మళ్లీ ఏడాది అదే చెట్టుకి, అదే ట్యాంకుకి వస్తుంటాయి.

ఇప్పుడు నా తప్పులు. నాన్న వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు.

మొదటిది, నేను పెట్టింది పొగ కాదు, మంట. ఎండుటాకు మండితే వేడి పైకి కొడుతుంది. వేడి తగిలితే ఈగ కోపంగా లేస్తుంది. నాన్న ఎండుపుల్లలు లోపల పెట్టి, చుట్టూ పచ్చి ఆకు దట్టంగా కట్టి, చేతికి చల్లగా తగిలే తెల్లటి పొగ చేస్తాడు. ఆ పొగ తగిలితే ఈగలు నిప్పు వస్తోందనుకుని పట్టులోకి దూరి కడుపు నిండా తేనె తాగుతాయి. ఇంకొకటి, ఈగ కుట్టినప్పుడు ఒక వాసన వస్తుంది, మగ్గిన అరటిపండు వాసన లాంటిది. "ఇక్కడ శత్రువు ఉన్నాడు, రండి" అని అది మిగతా ఈగల్ని పిలవడం అన్నమాట. మంచి పొగ ఉంటే ఆ వాసన వాటికి సరిగ్గా అందదు. ప్లాస్టిక్ పొగ సంగతి చెప్తే నాన్న తల కొట్టుకున్నాడు.

రెండోది, పట్టపగలు పెట్టాను. మూడోది, గాలి ఎటు పోతోందో చూడలేదు. నాలుగోది చెప్పేటప్పుడు మాత్రం నాన్న గొంతు మారింది. "కింద మనుషులున్నారా లేదా అని చూడకుండా చెయ్యి పెట్టేవాడు తేనె తీసేవాడు కాడమ్మా" అన్నాడు.

కుట్టినప్పుడు ఏం చెయ్యాలో కూడా ఇక్కడే రాస్తాను, ఎందుకంటే ఆ రోజు మనమందరం తప్పుగా చేశాం. చేతులు ఊపాం, అరిచాం, గుంపుగా ఒక్క చోట నిలబడ్డాం. అలా చెయ్యకూడదు. దుప్పటో చున్నీయో తల మీద కప్పుకుని, మొహం దాచుకుని, ఆగకుండా పరిగెత్తి గదిలోకి వెళ్లి తలుపు వేసెయ్యాలి. పెద్ద తేనె చాలా దూరం తరుముతుంది, కాబట్టి మధ్యలో ఆగి వెనక్కి చూడకూడదు. బావిలోనో చెరువులోనో దూకకూడదు, తల పైకి ఎత్తేదాకా అవి పైనే తిరుగుతాయి.

తేనెటీగ ముల్లుకి చేపల గాలం లాగా వెనక్కి కొక్కేలు ఉంటాయి. అందుకని అది మన చర్మంలోనే ఉండిపోతుంది, ఈగ చచ్చిపోతుంది. ముల్లుతో పాటు చిన్న విషం సంచి కూడా ఉండిపోయి కాసేపు విషం ఎక్కిస్తూనే ఉంటుంది. అందుకే ముల్లుని వెంటనే తీసెయ్యాలి. గోటితో గీకినా, పట్టుకుని లాగినా పర్వాలేదు, ఆలస్యం చెయ్యకపోవడమే ముఖ్యం. సున్నం, ఉల్లిపాయ, ఇనప ముక్క అని వెతుక్కునేలోగా విషం ఎక్కిపోతుంది. తర్వాత సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ వెయ్యాలి. మొహం, పెదాలు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, వాంతి, కళ్లు తిరగడం ఉన్నా, నోట్లో గాని గొంతులో గాని కుట్టినా, చాలా చోట్ల కుట్టినా అసలు ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. కొందరికి ఒక్క ఈగ కుట్టినా ప్రాణం మీదకి వస్తుంది. మేడం గారు ఆ రోజు ఆటో కోసం గేటు బయటకి చెప్పులు లేకుండా పరిగెత్తారు. అది కూడా రాయాలనిపించింది.

ఇక తీయడం గురించి.

ముందు రాజమండ్రి నుంచి పెస్ట్ కంట్రోల్ అన్నయ్య ఒకాయన వచ్చాడు. ఇళ్లల్లో చెదలు, నల్లులు, బొద్దింకలు, కందిరీగలు ఉంటే మందు కొట్టి తీసెయ్యడం ఆయన పని. (నల్లుల గురించి కూడా అడగమని రెండో డార్మిటరీ వాళ్లు కేకలు వేశారు.) ఆయన పట్టు చూసి, రాత్రిపూట మందు కొడతాను, తెల్లారేసరికి అన్నీ చచ్చి రాలిపోతాయి, 4,000 రూపాయలు అవుతుంది అన్నాడు. కానీ దాచకుండా ఇంకో సంగతి కూడా చెప్పాడు. మందు కొట్టిన పట్టులో తేనె ఒక్క చుక్క కూడా ఎవరూ నాకకూడదు, గొయ్యి తీసి పాతిపెట్టాలి. ఇది మంచినీళ్ల ట్యాంకు కాబట్టి నీళ్లన్నీ వదిలేసి రెండుసార్లు కడగాలి. రెండు రోజులు ఆ నీళ్లు వాడకూడదు. మార్చి నెలలో 300 మంది ఆడపిల్లలకి రెండు రోజులు నీళ్లు లేకపోతే ఎలా? మేడం గారు ఆలోచనలో పడ్డారు.

అప్పుడు వాచ్‌మన్ తాత అన్నాడు, "ఈ పిల్ల నాన్న తేనె తీస్తాడటండి" అని. నేను తల దించుకున్నాను.

ఆదివారం నాన్న, మావ ఇద్దరూ వచ్చారు. నాన్న వెంటనే ఎక్కేస్తాడనుకున్నాను. ఎక్కలేదు. ట్యాంకు చుట్టూ తిరిగాడు. మట్టి గుప్పెడు తీసి గాలిలో వదిలాడు. ఒక పక్కకి వెళ్లి చాలాసేపు ఊరికే చూశాడు. మేడం గారిని మూడు నాలుగు మాటలు అడిగాడు. రాత్రి లైట్లు ఎక్కడెక్కడ వెలుగుతాయండి? పిల్లలు ఎటువైపు పడుకుంటారండి? పక్కన గొడ్లు కట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అండి? చివరికి, "వానల ముందు వాటంతట అవే పోతాయండి. అప్పటిదాకా ఆగగలరా?" అన్నాడు. ఆగగలిగితే ముట్టుకోకుండా వదిలెయ్యడమే మంచిదట. కానీ కుళాయిలన్నీ పట్టు కిందే ఉన్నాయి. ఆగలేమన్నారు మేడం గారు.

"అయితే చీకటి రాత్రి చూసుకుని వస్తామండి" అన్నాడు నాన్న.

అమావాస్యకి రెండు రోజుల ముందు వచ్చారు. చీకటే ఎందుకంటే, రాత్రి ఈగలన్నీ పట్టు మీదే ఉంటాయి, చీకట్లో ఎగిరి వచ్చి మనిషిని వెతికి కుట్టడం కష్టం. కానీ ఎక్కడైనా వెలుగు కనిపిస్తే మాత్రం దాని మీదకి పోతాయి. అందుకే ఆ రాత్రి హాస్టల్లో ఒక్క బల్బు కూడా వెయ్యనివ్వలేదు. కిటికీలన్నీ మూసి, తలుపు కింద సందుల్లో దుప్పట్లు కుక్కాం. 7 గంటలకే అన్నాలు పెట్టేశారు. మేము కిటికీ చెక్కల సందులోంచి చూశాం. ఏమీ కనపడలేదు, పొగ కట్ట చివర ఎర్రగా నిప్పు ఒక్కటే పైకి పోవడం కనిపించింది.

మావకి తేనె తీసేవాళ్ల శిక్షణలో ఇచ్చిన వల టోపీ, చొక్కా ఉన్నాయి. అవి నాన్న వేసుకున్నాడు. మావ గోనెసంచి కప్పుకుని కింద తాడు పట్టుకున్నాడు. నడుముకి తాడు కట్టి పైన రెయిలింగుకి ముడి వేశారు. ఆ ముడి ఇద్దరూ విడివిడిగా లాగి చూశారు. మా ఊళ్లో తేనెకి వెళ్లి పడిపోయినవాళ్లు ఉన్నారు. ఈగల కన్నా ఎత్తే ఎక్కువ భయం అంటాడు నాన్న.

పొగ ఒక అంచు నుంచి మెల్లగా పడితే ఈగలు రెండో పక్కకి జరుగుతాయి, తెల్లటి పట్టు బయట పడుతుంది. తేనె పట్టంతా ఉండదు. కొమ్మకి అతుక్కున్న పై భాగంలో ఒక మూల లావుగా ఉంటుంది, అదే తేనె. కిందది అంతా పిల్లలు, అంటే గుడ్లు, పురుగులు, ఇంకా రెక్కలు రానివి. అడవిలో అయితే నాన్న తేనె ఉన్న ముక్క ఒక్కటే వెదురు కత్తితో కోసి, పిల్లల పట్టు వదిలేస్తాడు. అలా వదిలితే ఈగలు అక్కడే ఉండి మళ్లీ తేనె పెడతాయి. పూర్వం పట్టంతా కోసి చేత్తో పిండేసేవారు. దాంతో పిల్లలూ పోయేవి, తేనె కూడా పులిసేది. అలాంటి తేనెకి ధర రాదు. మన దగ్గర తేనె కొనే జీసీసీ, అంటే గిరిజన సహకార సంస్థ, 1956లో విశాఖపట్నంలో పెట్టారు. మా తాత రోజుల నుంచీ మా ఇంటి తేనె ఆ డిపోకే వెళ్తుంది.

ఇక్కడ మాత్రం పిల్లల పట్టు కూడా కొయ్యక తప్పలేదు. అది వదిలితే ఈగలు పోవు. నాన్న దాన్ని పారెయ్యకుండా ఒక కర్రకి కట్టి, తోట చివర మద్దిచెట్టుకి వేలాడదీశాడు. వస్తే వస్తాయి అన్నాడు. రాలేదు. రెండు రోజుల్లో చీమలు పట్టేశాయి. నేను వెళ్లి చూశాను గాని ఎక్కువసేపు చూడలేకపోయాను.

పట్టు కోసెయ్యగానే పని అయిపోయినట్టు కాదు. ఈగలు వెంటనే పోవు. రెండు రోజులు ఉత్త సిమెంటుకే నల్లగా వేలాడాయి. ఆ రెండు రోజులూ వెనక బోరింగు దగ్గరే నీళ్లు పట్టుకోమన్నారు. మూడో రోజు పొద్దున 10 గంటలప్పుడు, లెక్కల పీరియడ్‌లో, వాన వచ్చినట్టు ఒక్కసారి చప్పుడు అయింది. అన్నీ లేచి కొండవైపు వెళ్లిపోయాయి. సాయంత్రం మావ ఎక్కి, మిగిలిన మైనం అంతా గీకి, సున్నం కొట్టాడు. మైనం వాసన ఉంటే మళ్లీ అక్కడికే వస్తాయి.

నాన్నని 8 ఈగలు కుట్టాయి. తేనె లీటరున్నర వచ్చింది. మెస్సులో ఇచ్చేశాడు, మీరందరూ చపాతీలో తిన్నది అదే.

స్టోర్‌రూము చూరులో బూడిదరంగు బంతిలాగా ఉన్న గూడుని కూడా తియ్యమని మేడం గారు నాన్నని అడిగారు. నాన్న చూసి, "అది నా పని కాదండి" అన్నాడు. అవి కందిరీగలు. వాటి గూట్లో తేనె ఉండదు, మైనం ఉండదు. చెక్కని నమిలి ఉమ్ముతో కలిపి కాగితం లాంటిది చేసి గూడు కడతాయి. (కాగితం మనిషి కన్నా ముందు కందిరీగే చేసింది అని సైన్సు మేడం అన్నారు.) తోటలో గొంగళిపురుగుల్ని తిని మేలు చేస్తాయి గాని, ముల్లుకి పెద్ద కొక్కేలు లేవు కాబట్టి ఒక్కటే పదిసార్లు కుట్టగలదు. ఆ గూడు గది తలుపు మీదే ఉంది. దానికి పెస్ట్ కంట్రోల్ అన్నయ్య మళ్లీ వచ్చాడు. ఆయన కూడా చీకటి పడ్డాకే పని మొదలుపెట్టాడు. టార్చి అద్దానికి ఎర్ర కాగితం చుట్టాడు, ఎందుకంటే ఎరుపు వెలుగు ఈగలకి, కందిరీగలకి సరిగ్గా కనపడదు. గూటి ద్వారంలోకి మందు కొట్టి, పొద్దున వచ్చి గూడు ఊడదీసి సంచిలో కట్టి తీసుకుపోయాడు. బియ్యం బస్తాలు ముందే బయట పెట్టించాడు. ఆయన వెళ్తూ ట్యాంకు వైపు చూసి, "మందు లేకుండా తీశారా? ఆ పని నాకు రాదు" అన్నాడు. ఎర్ర కాగితం సంగతి నేను నాన్నకి చెప్తే, "ఒక ముక్క అడిగి ఉంచకపోయావా" అన్నాడు.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. హాజరు పుస్తకం ఆఫీసులో పెట్టడానికి వెళ్లినప్పుడు ఖర్చుల రిజిస్టరు తెరిచి ఉంది. "పెస్ట్ కంట్రోల్ సర్వీసు 1,500" అని ఒక లైను. దాని కింద "తేనె తీసిన కూలి, ఇద్దరు, 600" అని ఇంకో లైను, పక్కన నాన్న వేలిముద్ర. డబ్బు గురించి కాదు. నాన్న అసలు ఏమీ వద్దన్నాడు, మేడం గారే బలవంతాన ఇచ్చారు. నాకు ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఐదో తరగతిలో చేరినప్పుడు నా ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట ఎవరో అడక్కుండానే "కూలి" అని రాశారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. నాన్న కూలికి కూడా వెళ్తాడు, అది నామోషీ కాదు. కానీ గాలి చూడటం, పొగ కట్టడం, ఏ ముక్క కొయ్యాలో, ఎప్పుడు ఆగాలో తెలియడం కూలి పనేనా? నాకు సగమే తెలిసి చేస్తే 11 మందిని కుట్టాయి. మొత్తం తెలిసినవాడు చేస్తే ఒక్కరినీ కుట్టలేదు, ఆయన్ని తప్ప. మేడం గారూ, తప్పుగా రాసి ఉంటే క్షమించండి. పదో తరగతి ఫారాలు వచ్చినప్పుడు ఆ గడి నేనే నింపుతాను. "తేనెపట్లు తీసే పని" అని రాస్తాను, చోటు సరిపోకపోతే చిన్న అక్షరాలతో రాస్తాను.

చివరగా, స్నానాల గదుల వెనక కిటికీకి నిమ్మకాయంత కందిరీగల గూడు కొత్తగా పడింది. ఎవరూ చెప్పు విసరొద్దు, నీళ్లు కొట్టొద్దు. వాచ్‌మన్ తాతకి చెప్పాను. ఎవరైనా వచ్చి తీసేదాకా చివరి రెండు గదులు వాడకండి. వచ్చే ఫిబ్రవరిలో పెద్ద తేనె మళ్లీ వస్తే, గుంపుగా వాలిన మొదటి రోజే చెప్పండి. అప్పటికి ఇంకా పట్టు ఉండదు, పిల్లలు ఉండవు, కాపలా కాయడానికి ఏమీ ఉండదు కాబట్టి అంత కోపం కూడా ఉండదు. ఆ రోజైతే పంపించడం తేలిక అన్నాడు నాన్న. పొగ మాత్రం మీరు పెట్టకండి. నేను కూడా పెట్టను.

తొమ్మిదో తరగతి విద్యార్థిని